నీళ్ళు నింపకండి, కిటికీ మూయకండి

సెప్టెంబరు ఆఖర్న కెనడాలోని మా మిస్సిసాగాలో మేపుల్ ఆకులు ఎర్రబడుతుంటే ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఈ చలికాలం మేమూ ఆర్వీ వేసుకుని టెక్సస్ సముద్రం ఒడ్డుకి పోదామనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలో చెప్పవూ?" అని. చెబుతాను. విన్నాక అవతల కాసేపు మాట ఉండదు. వాళ్ళు అప్పటికే పదిమంది దగ్గర విన్న జాగ్రత్తలకీ నా మాటలకీ అస్సలు పొత్తు కుదరదు మరి. ట్యాంకులో నీళ్ళు నింపకుండా బయల్దేరమంటాను. గడ్డకట్టే చలిలో కిటికీ తీసి పడుకోమంటాను. ఆరు నెలలు ఉండనిచ్చే దేశంలో నాలుగు నెలలకే మూట సర్దమంటాను. వెచ్చదనం కోసం పోతూ దుప్పట్లు మోసుకెళ్ళమంటాను. తలకిందులు సలహాలే. కానీ ఐదు శీతాకాలాలు ఆ దారిన పోయి వచ్చి, కొన్ని చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి. నా సొంత చెల్లెలు అడిగినా ఇవే చెబుతాను.

ఆర్వీ అంటే తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. ముందు వ్యాను, వెనక ఒంటిగది ఇల్లు. మంచం, గ్యాసు పొయ్యి, సింకు, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. మాది డ్రైవరు సీటు నెత్తిన కూడా ఒక పడక ఉండే సీ క్లాస్ బండి. మా ఆంటారియో రాష్ట్రంలో మామూలు కారు నడిపే జీ లైసెన్సుతోనే 11,000 కిలోల బండి దాకా నడపొచ్చు, కాబట్టి లైసెన్సు గురించి దిగులు అక్కర్లేదు. ఇలా చలికాలం దక్షిణానికి వలసపోయేవాళ్ళని కెనడాలో స్నోబర్డ్స్ అంటారు, టెక్సస్‌లో వింటర్ టెక్సన్స్ అంటారు. మా ఇంటి నుంచి టెక్సస్ తీరంలోని కార్పస్ క్రిస్టీకి దాదాపు 2,800 కిలోమీటర్లు.

క్యాలెండరు తెరిచి మొట్టమొదట తిరిగొచ్చే తేదీ రాసుకోండి. బయల్దేరే తేదీ దాన్నిబట్టి దానంతటదే తేలుతుంది. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు, మార్చిలో చిక్కుల్లో పడతారు. కెనడా పౌరుణ్ణి అమెరికా మామూలుగా ఒక్కసారికి ఆరు నెలల దాకా ఉండనిస్తుంది. దాన్ని పట్టుకుని ఆరు నెలలూ వాడేసుకోమనే పెద్దలు చాలామంది ఉన్నారు. అయితే సరిహద్దు లెక్క వేరు, పన్ను లెక్క వేరు. పన్నువాళ్ళు ఈ ఏడాది మీరక్కడున్న రోజులన్నీ తీసుకుని, దానికి నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకు ముందటేడాది రోజుల్లో ఆరో వంతు కలుపుతారు. మొత్తం 183కి చేరితే మీరు వాళ్ళ లెక్కలో అక్కడి నివాసులే. ఆ ఏడాది 183 రోజులకి తక్కువే ఉండి, ఇల్లూ వాకిలీ కెనడాలోనే ఉన్నాయని చూపించుకోగలిగితే జూన్ 15 లోపు 8840 ఫారం వేసి బయటపడొచ్చు. నన్నడిగితే ఆ ఫారం జోలికే పోనక్కర్లేని లెక్క మంచిది. ఏటా 120 రోజులు. 120కి 40, ఆపైన 20 కలిపితే 180. గండం గడిచినట్టే. రాత్రి పదకొండు ముప్పావుకి సరిహద్దు వంతెన దాటినా ఆ రోజు పూర్తి రోజే, మరిచిపోకండి. మేం నవంబరు 25న దాటి మార్చి 24న వెనక్కి వస్తాం. వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, సరిగ్గా 120.

ఇవి కెనడా పౌరుల లెక్కలు. ఇంకా ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉండి కెనడాలో శాశ్వత నివాసం తీసుకున్నవాళ్ళకి అమెరికా వీసా కావాలి. లోపలికి వెళ్ళాక ఐ-94 అనే ప్రవేశ పత్రంలో పడిన తేదీయే గడువు, వీసా మీద ఉన్న తేదీ కాదు. పైగా ఆ నివాస హోదా నిలవాలంటే ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండి తీరాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా ఎక్కించుకుపోదామనుకుంటే వాళ్ళకి కెనడా వీసా ఒక్కటే చాలదు. పోతే, ఆంటారియో ఆరోగ్య కార్డు నిలబడాలంటే ఏ పన్నెండు నెలల్లో చూసినా 212 రోజులకి మించి దేశం బయట ఉండకూడదు. ఇండియాకి వెళ్ళొచ్చిన నెలన్నర కూడా ఇందులోకే వస్తుంది. మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది అదే.

ఇక ఆరోగ్యం. ప్రయాణానికి ముందు అక్టోబరులో ఒకసారి డాక్టరుకి చూపించుకుని వెళ్ళమని అందరూ చెబుతారు. నేను మే నెలలో చూపించుకోమంటాను. ప్రయాణ బీమా పాలసీల్లో పాత జబ్బులకి ఒక షరతు ఉంటుంది. బయల్దేరే ముందు 90 రోజులో 180 రోజులో ఆ జబ్బు నిలకడగా ఉండాలి. నిలకడ అంటే మనం ఒంట్లో బాగుండటం అనుకుంటాం. వాళ్ళ దృష్టిలో మందు మారకపోవడం, మోతాదు మారకపోవడం, కొత్త పరీక్షలు రాయకపోవడం. చాలా పాలసీల్లో మోతాదు తగ్గించినా అది మార్పే. మాకు తెలిసిన ఒకాయనకి అక్టోబరు చివర్లో బీపీ మాత్ర పదిలోంచి ఐదుకి తగ్గించారు. ఆయన అందరికీ ఫోన్ చేసి సంతోషంగా చెప్పుకున్నారు. జనవరిలో టెక్సస్‌లో గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరితే, ఆ సగం మాత్ర దగ్గరే క్లెయిము ఆగిపోయింది. ఆంటారియో ప్రభుత్వం బయటి దేశపు ఆస్పత్రి పడకకి రోజుకి ఎక్కువలో ఎక్కువ 400 కెనడా డాలర్లు ఇస్తుంది. అమెరికాలో గుండె వార్డు బిల్లు ముందు అది ఏ మూలకీ రాదు. ఆ ఇల్లాలు ఆస్పత్రి వరండాలో కూర్చుని బిల్లు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నాతో ఫోన్లో మాట్లాడిన మాటలు నేనింకా మర్చిపోలేదు.

నవంబరు 25 నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెడితే మే 29. ఆ లోపలే పరీక్షలన్నీ చేయించుకోండి, మార్చాల్సిన మందులుంటే మార్పించుకోండి. ఆ తర్వాత డాక్టరు మందు మార్చాలంటే మాత్రం బీమా కోసం మానకండి, మందే ముఖ్యం. మారిన రోజే బీమా వాళ్ళకి ఫోన్ చేసి, ఏది వర్తిస్తుందో ఏది వర్తించదో కాగితం మీద రాయించుకోండి. అవసరమైతే ఆ ఏడాది ప్రయాణం మానుకోండి. సముద్రం ఎక్కడికీ పోదు.

నీళ్ళ సంగతికి వద్దాం. మా మొదటి ప్రయాణంలో అందరి మాటా విని, బయల్దేరే రోజు మధ్యాహ్నం ఇంటి ముందే ట్యాంకు నిండా నీళ్ళు పట్టాం. నూట యాభై లీటర్లు. ఆ రోజు ఎండ కాసింది, ఎనిమిది డిగ్రీలుంది. రెండో రాత్రి ఇండియానాలో మైనస్ తొమ్మిది. లోపల హీటరు వేసుకుని మేం హాయిగానే పడుకున్నాం. పంపు ఉండే అర మాత్రం మంచం కింద బయటి గోడకి ఆనుకుని ఉంటుంది, అక్కడికి ఆ వేడి చేరదు. పొద్దున్నే కుళాయి తిప్పితే పంపు ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, చుక్క నీరు లేదు. పదకొండింటికి ఎండెక్కాక మంచం కింద నుంచి నీళ్ళు నడవలోకి వచ్చాయి. మావారు బోర్లా పడుకుని టార్చిలైటు వేసి చూస్తే, పైపు మలుపు దగ్గర ప్లాస్టిక్ మోచేతి మీద బియ్యపు గింజంత పగులు. అంతే. దానికి నేల ప్లైవుడ్ ఉబ్బిపోయింది. అది థాంక్స్‌గివింగ్ పండగ వారం, నాలుగు రోజులు మెకానిక్కు దొరకలేదు. తువ్వాళ్ళన్నీ తడిసిపోయాక చివరికి నా నేత చీర ఒకటి కూడా అక్కడ పరిచాను.

అప్పటి నుంచి మేం పొడి బండితోనే బయల్దేరతాం. అక్టోబరులో పైపుల్లో నీళ్ళు తీసేసి, గడ్డకట్టకుండా గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తాం కదా, దాన్ని దారి పొడుగునా అలాగే ఉంచుతాం. కొనేటప్పుడు ఆర్వీ పైపుల కోసం చేసిన ప్రొపైలీన్ గ్లైకాల్ రకమే చూసి కొనండి. కారు రేడియేటరులో పోసేది విషం, అది నీళ్ళ పైపుల దరిదాపులకి రాకూడదు. తాగడానికీ వండుకోవడానికీ నాలుగు లీటర్ల డబ్బాలు ఆరు. మరుగుదొడ్డిలోకి నీళ్ళకి బదులు అదే గులాబీ ద్రవం ఒక గ్లాసు. స్నానానికి ట్రక్ స్టాపుల్లో డబ్బు కడితే వేడినీళ్ళ గది ఇస్తారు, మనింట్లో కన్నా శుభ్రంగా ఉంటుంది. వరసగా మూడు రాత్రులు సున్నాకి పైనే ఉంటుందని వాతావరణ సూచన చెప్పాకే ట్యాంకు నింపుతాం. మాకది మామూలుగా అర్కాన్సా దాటాక వస్తుంది. కుళాయి తిప్పితే ముందు గులాబీ, తర్వాత నురగ, తర్వాత తేటనీళ్ళు. నాకు నిజంగా దక్షిణం చేరినట్టు అప్పుడే అనిపిస్తుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. నూట యాభై లీటర్లంటే నూట యాభై కిలోలు. ఆ బరువు ఉత్తరాది మంచు రోడ్ల మీద మొయ్యనక్కర్లేదు.

కిటికీ సంగతి ఎవరూ నమ్మరు. చలికి అన్నీ బిగించుకుంటేనే వెచ్చగా ఉంటుందనుకుంటాం. పొయ్యి మీద కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది, ఇది బడిలో చదువుకున్న రసాయనశాస్త్రమే. దానికి ఇద్దరి ఊపిరి, అన్నం ఉడికిన ఆవిరి, ఆరేసిన తువ్వాళ్ళ తడి తోడవుతాయి. ఆ నీళ్ళన్నీ చల్లటి గోడల మీదే కూర్చుంటాయి. రెండో ఏడు పరుపు ఎత్తి చూస్తే కింద చెక్క నల్లగా బూజు పట్టి ఉంది. చేత్తో తాకితే జారిపోయింది. పైకప్పు గవాక్షం రెండు వేళ్ళ సందు తీసి ఉంచి, కింద ఒక కిటికీ కూడా కొంచెం తీయండి. తడిగాలి పైకి పోతుంది, పొడిగాలి లోపలికి వస్తుంది. దుప్పటీ కూడా చెమ్మగిల్లదు. వంట పొయ్యితో మాత్రం గది వేడి చేసుకోకండి. కార్బన్ మోనాక్సైడు వాసన లేని చావు. దాని అలారం పని చేస్తోందో లేదో ప్రతి ఆదివారం నొక్కి చూడండి.

తిరగమోత బండి బయట పెట్టుకోండి. ఆవాలు చిటపటలాడి ఎండుమిరప కమరగానే పొగ అలారం మొదలవుతుంది. అది విసుగు పుట్టించిందని బ్యాటరీ తీసేసినవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. చిన్న క్యాంపు పొయ్యి, బయట మడత బల్ల ఉంటే చాలు.

మురుగు ట్యాంకు గురించి కూడా ఉల్టా మాటే. క్యాంపులో గొట్టం తగిలించాం కదా అని మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు తీసి వదిలేయకండి. నీళ్ళు పోయి గట్టిది మిగిలి పేరుకుంటుంది. మూసే ఉంచి, మూడు వంతులు నిండాక ఒక్కసారి తీయండి.

మన వంటిల్లు వెంట తీసుకెళ్ళకండి. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే ఈ తప్పు నేను ప్రేమతో చేశాను. మా కరివేపాకు మొక్కకి అప్పటికి ఏడేళ్ళు. కెనడా చలిలో కరివేపాకు పెంచినవాళ్ళకి తెలుస్తుంది. అక్టోబరులో లోపలికి తెచ్చుకుని, దక్షిణం కిటికీ దగ్గర పెట్టుకుని, ఆకు రాలినప్పుడల్లా ప్రాణం ఉసూరుమని, ఏప్రిల్లో మళ్ళీ చిగురు కనిపిస్తే పండగ చేసుకోవడం. నాలుగు నెలలు ఎవరికప్పగించను? డ్యాష్‌బోర్డు కింద నా కాళ్ళ మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాను. సార్నియా దగ్గర బ్లూ వాటర్ వంతెన దాటాక అధికారి అడిగితే దాచకుండా చెప్పాను. అతను కోప్పడలేదు. ఇంకొకరు చేతి తొడుగులేసుకుని వచ్చి, కుండీతో సహా పారదర్శకమైన సంచిలో పెట్టి మూతి బిగించారు. లోపల ఆకులు సంచికి అంటుకుని ఆవిరి పట్టడం చూస్తూ నిలబడ్డాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. కరివేపాకూ నిమ్మా నారింజా ఒకే కుటుంబం. సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద చక్కగా బతుకుతుంది, నారింజ తోటలకి గ్రీనింగ్ తెగులు మోసుకెళుతుంది. ఆ తెగులు 2005లో ఫ్లారిడాలో, 2012లో టెక్సస్‌లో బయటపడింది. 2003-04లో ఫ్లారిడాలో 24 కోట్ల పెట్టెలకు పైగా నారింజ పండింది. తుఫాన్లు కూడా తోడై 2023-24కి అది సుమారు కోటీ 80 లక్షల పెట్టెలకి పడిపోయింది. అదంతా చదివాక నా మొక్కని తీసేసుకోవడం సబబే అని ఒప్పుకున్నాను. మొక్కలు, ఆకులు, పండ్లు ఏవీ పెట్టుకోకండి. ఉన్నదేదైనా దాచకుండా చెప్పండి. ఆవకాయ, కందిపొడి, చింతపండు చాలు. మిగిలినవన్నీ హ్యూస్టన్‌లో దొరుకుతాయి. అక్కడి హిల్‌క్రాఫ్ట్ వీధి ప్రాంతానికి 2010లో మహాత్మాగాంధీ డిస్ట్రిక్ట్ అని పేరు పెట్టారు. తాజా కరివేపాకు కట్ట అక్కడే కొనుక్కోండి. పియర్‌ల్యాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని తీరానికి దిగండి. మేం ఏటా చేసేది అదే.

తీరం చేరగానే స్వెట్టర్లు అడుగుకి తోసేయకండి. టెక్సస్‌లో నార్దర్ అనే ఉత్తరపు గాలి ఉంది. పొద్దున చొక్కా మీద తిరిగిన మనిషి సాయంత్రానికి వణుకుతాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయి ఊళ్ళకు ఊళ్ళు గడ్డకట్టాయి. సౌత్ పాడ్రె ద్వీపం దగ్గర చలికి కొయ్యబారిన సముద్రపు తాబేళ్ళని వేలల్లో తెచ్చి కన్వెన్షన్ సెంటరు నేల మీద వరసలుగా పడుకోబెట్టారు. 2025 జనవరి 21న హ్యూస్టన్ నుంచి ఫ్లారిడా దాకా మంచు పడింది, న్యూ ఆర్లియన్స్‌లో ఇరవై సెంటీమీటర్లు. అంచేత రెండు మంచి రజాయిలు, వేడెక్కే నీళ్ళ గొట్టం, ప్రొపేన్ సిలిండరులో ఎప్పుడూ సగానికి తగ్గని గ్యాసు ఉంచుకోండి.

ఇంకోటి, చలి తప్పించుకోవడానికి పరిగెత్తకండి. మూడు రోజుల్లో చేరిపోయామని గొప్పగా చెప్పుకునేవాళ్ళు ఉంటారు. మేం రోజుకి 300 కిలోమీటర్లు దాటం, మధ్యాహ్నం మూడింటికల్లా ఆగిపోతాం. వెలుతురుండగా బండి చదునుగా నిలబెట్టుకోవడానికి, మర్నాటి దారి చూసుకోవడానికి ఆ టైము కావాలి. మంచు తుఫాను సూచన ఉంటే ఉన్నచోటే మూడు రోజులుంటాం. బండి ఎత్తు అడుగుల్లోనూ మీటర్లలోనూ కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అంటించుకోండి, అమెరికా వంతెనల మీద అడుగులే ఉంటాయి. విండ్సర్-డెట్రాయిట్ సొరంగంలోకి ఆర్వీలని రానివ్వరు, వంతెన మీదుగానే పోవాలి.

ఈ దారిలో నాకు నడక నేర్పింది హూపింగ్ క్రేన్ పక్షి. మన బెగ్గురు కొంగల జాతే, ఐదడుగుల ఎత్తు, ఒళ్ళంతా తెలుపు, రెక్కల కొసలు నలుపు. కెనడా ఉత్తరాన వుడ్ బఫెలో అడవిలో పిల్లల్ని చేసి, చలి మొదలయ్యేసరికి దాదాపు 4,000 కిలోమీటర్లు ఎగిరి టెక్సస్ తీరంలో అరాన్సస్ చిత్తడినేలకి చేరుతుంది. 1941 నాటికి ఈ జాతి మొత్తం ఇరవై చిల్లర పక్షులే మిగిలాయి. ఇప్పుడు అరాన్సస్‌కి వచ్చేవే ఐదు వందలు దాటాయి. అంత దూరమూ ఒక్క ఊపున పోవవి. సస్కాచెవాన్‌లో కోసేసిన పొలాల్లో వారాలకు వారాలు ఆగి, గింజలు తిని, బలం పుంజుకుని, అనుకూలమైన గాలి వచ్చినప్పుడే లేస్తాయి. రాక్‌పోర్ట్ దగ్గర పడవ ఎక్కి చూశాం. తల్లి, తండ్రి, ఇంకా గోధుమరంగు పోని ఒక పిల్ల. తల్లి నీలిపీతని పట్టి, కాళ్ళు విదిలించి ఊడగొట్టి, మెత్తని ముక్క పిల్ల ముందు వేసింది. పడవలో ఎవరూ మాట్లాడలేదు.

మార్చిలో తీరమంతా పూలు. కదలబుద్ధి కాదు. వెళ్ళడమెందుకు, ఇంకో రెండు వారాలుందామని మావారు ఏటా అంటారు. క్యాలెండరులో నవంబరుకి ముందే రాసుకున్న తేదీ అప్పుడు అక్కరకొస్తుంది. పదకొండు రోజులు మిగిల్చుకుని బయల్దేరతాం. టెనెసీలోకి వచ్చాక, ఇక రాత్రుళ్ళు సున్నాకి దిగుతాయనగా, క్యాంపులో ఒక మధ్యాహ్నం ఆగుతాం. ముందే ఒక గిన్నెడు నీళ్ళు పట్టి కాఫీకి పక్కన పెడతాను. ఆయన ట్యాంకు ఖాళీ చేసి, పంపు గొట్టం గులాబీ ద్రవం డబ్బాలో పెడతారు. నేను లోపల ఒక్కో కుళాయే తిప్పుతాను. వంటింటిది, వాష్‌బేసిన్‌ది, ఆఖర్న స్నానాలగదిది. ముందు తేటనీళ్ళు, తర్వాత నురగ, తర్వాత పల్చటి గులాబీ. చిక్కబడేదాకా ఉంచి, "వచ్చింది, కట్టెయ్యండి" అని కేకేస్తాను.